ఫోల్డరుకి దగ్గర దారి

జహీరాబాద్ అనగానే మనవాళ్ళకి అల్లం, చెరకు, ముంబై హైవే మీద లారీలు గుర్తొస్తాయి. కానీ బళ్ళ తయారీలో ఆ ఊరికి నలభై ఏళ్ళ చరిత్ర ఉంది. 1980ల్లో ప్రభుత్వ సంస్థ హైదరాబాద్ ఆల్విన్, జపాన్ నిస్సాన్ తో కలిసి ఆల్విన్ నిస్సాన్ పేరుతో చిన్న ట్రక్కులు తయారుచేసింది అక్కడే. 1989లో అది మహీంద్రా చేతికి వచ్చింది. 2013లో ట్రాక్టర్ల ప్లాంటు కూడా మొదలైంది.

బండి అంటే వేల భాగాలు. ప్రతి భాగానికీ ఓ డ్రాయింగు, ప్రతి డ్రాయింగుకీ మూడో నాలుగో రివిజన్లు. సరైన కాగితం సరైన సమయానికి దొరకడం అక్కడ సగం పని. కంప్యూటర్లు రాకముందు ఏ ఫ్యాక్టరీలోనైనా దీనికి ఒకటే పద్ధతి: ట్రేసింగ్ కాగితాలు సొరుగుల్లో, వాటి నంబర్లు రిజిస్టరులో. రిజిస్టరు చూస్తే ఏ సొరుగో తెలుస్తుంది. అంటే వస్తువు ఒకచోట, దాని అడ్రసు ఇంకోచోట. మనం ఇవాళ షార్ట్‌కట్ అంటున్నది సరిగ్గా ఇదే.

కంప్యూటర్లో ఈ ఆలోచన చాలా పాతది. మల్టిక్స్ ఫైల్ సిస్టమ్ గురించి డేలీ, న్యూమన్ 1965లో రాసిన పేపర్లోనే ఫోల్డర్లో ఫోల్డరు, ఒక ఫోల్డరు నుంచి ఇంకోదాన్లోకి లింకు, రెండూ ఉన్నాయి. ఆ తర్వాత యూనిక్స్ వచ్చింది, 1983లో 4.2 బీఎస్‌డీతో సింబాలిక్ లింకులూ వచ్చాయి.

డిజైన్ వాళ్ళకి మాత్రం ఈ సుఖం ఆలస్యంగా అందింది. ఆటోకాడ్ ని 1982 నవంబర్లో లాస్ వేగాస్ లో జరిగిన కామ్‌డెక్స్ ప్రదర్శనలో చూపించారు. తమాషా ఏంటంటే, అప్పటికి డాస్ లో అసలు ఫోల్డర్లే లేవు! అవి 1983లో డాస్ 2.0తో వచ్చాయి. ఫైలు పేరు ఎనిమిదక్షరాలు దాటకూడదు కాబట్టి భాగం నంబరు, రివిజను అన్నీ అందులోనే కుక్కాలి. తర్వాత్తర్వాత పొడుగాటి పాత్ టైపు చెయ్యలేక సబ్‌స్ట్ కమాండుతో ఫోల్డరుకి డ్రైవ్ అక్షరం తగిలించుకోవడం మొదలైంది. మన షార్ట్‌కట్ కి ముత్తాత అన్నమాట.

1991లో మాక్ సిస్టమ్ 7లో ఏలియస్, 1995లో విండోస్ లో షార్ట్‌కట్ వచ్చాయి. అసలు ఫైలుని ఎవరైనా వేరేచోటికి మారిస్తే ఏం కావాలి? ఈ ఒక్క ప్రశ్నకి ముగ్గురూ మూడు జవాబులు చెప్పారు. యూనిక్స్ లింకుకి పేరు తప్ప ఏమీ తెలియదు, కాబట్టి తెగిపోతుంది. మాక్ ఏలియస్ ఫైలుకున్న ఐడీని గుర్తుపెట్టుకుంటుంది, కాబట్టి అదే డిస్కులో ఎక్కడికి జరిపినా పట్టుకుంటుంది. విండోస్ 95 ఏమో సైజు, తేదీ చూసి దగ్గరగా ఉన్నదాన్ని వెతికి "ఇదేనా?" అని అడుగుతుంది. ఇంట్లో ఫొటోలకైతే మూడోది బానే ఉంటుంది. డ్రాయింగుకి "దగ్గరగా ఉన్నది" అంటే సాధారణంగా పాత రివిజన్! అది తెరిచి లేత్ మీదకి పంపితే పోయేది రెండు క్లిక్కులు కాదు, ఇనుము, ఒక షిఫ్టు పని. నా మటుకు నాకు తెగిపోయి ఎర్రర్ ఇచ్చే యూనిక్స్ లింకే నిజాయితీగా అనిపిస్తుంది.

ఇంతకీ ఆటోకాడ్ లో ఓపెన్ డైలాగుకి ఎడమపక్క కనిపించే ప్లేసెస్ జాబితా ఈ చరిత్రకి కొనసాగింపే. కావలసిన ఫోల్డర్ని అందులోకి లాగి వదిలితే చాలు. చాలామందికి తెలియనిది ఏంటంటే, ఆ జాబితా మీ ప్రొఫైల్లో భాగం. ప్రొఫైల్ని ఎక్స్‌పోర్ట్ చేసి ఇస్తే పక్కవాళ్ళకీ అదే జాబితా వస్తుంది. రిమెంబర్‌ఫోల్డర్స్ అని ఒక వేరియబుల్ కూడా ఉంది. అది 1 అయితే డైలాగు మీరు చివరగా చూసిన ఫోల్డర్లో తెరుచుకుంటుంది. 0 చేస్తే డెస్క్‌టాప్ ఐకాన్ లో "స్టార్ట్ ఇన్" దగ్గర ఇచ్చిన ఫోల్డర్లో తెరుచుకుంటుంది. అంటే ప్రాజెక్టుకో ఐకాన్ పెట్టుకోవచ్చు, నిన్నటి ప్రాజెక్టు ఫోల్డర్లో ఇవాళ్టి ఫైలు సేవ్ చేసే ప్రమాదం తగ్గుతుంది.

మన ఆఫీసుల్లో జరిగేది వేరు. పదిమంది టీములో పదిమందికీ పది షార్ట్‌కట్లు, అందులో సగం ఎవరో తమ డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న కాపీలకి. వేగం పెరిగింది నిజమే, తప్పు ఫైలు దగ్గరికి కూడా అంతే వేగంగా వెళ్తున్నాం. పాత ఫ్యాక్టరీలో రిజిస్టరు ఒక్కటే ఉండేది, రాసేది ఒక్కరే. ఆ క్రమశిక్షణ మనకి సాఫ్ట్‌వేర్ తో పాటు రాలేదు.

అందుకే నా అభిప్రాయం ఇది. ముందు టీమంతా కలిసి "విడుదలైన డ్రాయింగులు" ఏ ఫోల్డర్లో ఉండాలో తేల్చుకోండి. తేదీలతో, మనుషుల పేర్లతో కాకుండా పనిని బట్టి పేరు పెట్టండి. ఆ తర్వాతే షార్ట్‌కట్, అదీ అందరికీ ఒకే ప్రొఫైల్ ద్వారా. ఇది అరగంట పని. ముందుగా మీ ప్లేసెస్ జాబితా ఒకసారి తెరిచి, అందులో ఎన్ని ఇంకా సరైన చోటికి వెళ్తున్నాయో లెక్కపెట్టండి.