ఒక తేదీ - బడిపిల్లలు

1939 సెప్టెంబరు 1వ తేదీ యనగనే హిట్లరు సేనలు పోలండుపై బడిన దినమని మీలో పెక్కుర కెఱుకయే. ఇంగ్లండు బడిపిల్లల చరిత్రలో ఆ తేదీకి మఱియొక యర్థము గలదు. దానిని గుఱించియే నేడు మీతో ముచ్చటింప దలచితిని.

ఆ దేశమున అప్పట్లో పిల్లలు 14 ఏండ్లు నిండువఱకు బడికి పోవలెనని నియమ ముండెడిది. 1936లో జేసిన విద్యాశాసనము ఆ వయస్సును 15కు బెంచినది. పని దొరకినవారికి మినహాయింపు లుంచిరి గాన అది లోపములేని శాసనమని నే ననను. అయినను పేదబిడ్డలకు మఱియొక యేడాది చదువు దక్కునట్టి యా నియమము సరిగా 1939 సెప్టెంబరు 1వ తేదీననే అమలులోనికి రావలసి యుండెను.

ఆ యుదయమున పిల్లలు వరుసలు గట్టి రైలుస్టేషనులకు నడచిరి. దుస్తులకు పేరు వ్రాసిన చీటి. భుజమున విషవాయువునుండి కాపాడు ముసుగు గల పెట్టె. తల్లులు, పసిబిడ్డలతో గూడ మూడు దినములలో బ్రిటనంతట దాదాపు 15 లక్షలమందిని నగరములనుండి తరలించిరి. వారిలో 8 లక్షలకు పైగా బడిపిల్లలే.

పల్లెబడులలో చోటు చాలలేదు. పెక్కుచోట్ల ఒక పూట ఊరిపిల్లలకు, ఒక పూట వచ్చినవారికి పాఠములు చెప్పిరి. అదియే మేలు. నగరములలో మిగిలినవారికి ఆ సగము చదువును లేదు. ఉపాధ్యాయులు పిల్లలవెంట పోయిరి, బడులు మూతబడినవి, కొన్ని కట్టడములను అగ్నిమాపకదళములవారు తీసికొనిరి. అనుకొన్నట్లు బాంబులు వెంటనే పడలేదు. బిడ్డలపై బెంగతో తల్లిదండ్రులు వారిని వెనుకకు రప్పించుకొనిరి. 1940 జనవరి నాటికి పోయినవారిలో సగముమంది వఱకు మరలివచ్చిరి. వచ్చి చూచిన బడికి తాళము!

ఇక 15 ఏండ్ల నియమ మేమైనది? యుద్ధము పేర వాయిదా పడినది. 1944లో మరల శాసనము జేసిరి. యుద్ధము ముగిసినను గదులు లేవు, ఉపాధ్యాయులు చాలరు. ఇంకను కొన్నాళ్ళాగుద మని మంత్రులలో కొందఱనగా, విద్యామంత్రిణి ఎలెన్ విల్కిన్సన్ పట్టు విడువలేదు. తాత్కాలికముగా గదులు కట్టించి, 1947 ఏప్రిల్ 1వ తేదీన దానిని అమలు జరిపిరి. ఆ దినమును జూచుట కామె లేదు. ఆ ఫిబ్రవరిలోనే మరణించెను.

1939లో 14 ఏండ్లు నిండి పనికి బోయిన బాలునికి అప్పటికి దాదాపు ఇరువదిరెండేండ్లు.