ఫ్యూయల్ మ్యాప్ (మోటార్‌సైకిల్)

ఇంజిన్ వేగాన్ని, థ్రాటిల్ తెరిచిన మేరను బట్టి ఇంజెక్టర్ ఎంత పెట్రోలు చిమ్మాలో చెప్పే, ఇంజిన్ నియంత్రణ యూనిట్ (ఈసీయూ)లో నిల్వ ఉండే పట్టికే ఫ్యూయల్ మ్యాప్. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక కొత్త బైకులు దాదాపుగా అన్నీ ఇంజెక్షన్‌కు మారాయి. కార్బ్యురేటర్ జెట్ మార్చి చేసే పని మ్యాప్‌కు చేరింది. నెల్లూరు తీరంలో విడిభాగాలేవీ మార్చని బండికి కంపెనీ మ్యాపే సరైన ఎంపిక. మైపాడు, కృష్ణపట్నం దారులు సముద్రమట్టానికి దగ్గరగానే ఉంటాయి. కొండలెక్కినప్పుడు గాలి పలచబడే చిక్కు ఇక్కడ లేదు. ఎండలకు గాలి సాంద్రత తగ్గినా ఉష్ణోగ్రత, పీడన సెన్సర్లు దాన్ని లెక్కకు తీసుకుంటాయి.

కాలుష్య పరీక్ష కోసం కంపెనీలు పెట్రోలు తగ్గిస్తాయని, ఇంజిన్ అందుకే కాగుతుందని కొందరి వాదన. నిలకడ వేగంలో ఆక్సిజన్ సెన్సర్ బరువులో 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు ఉండేలా చూసే మాట నిజమే, కానీ థ్రాటిల్ పూర్తిగా తెరిస్తే మ్యాప్ మిశ్రమాన్ని చిక్కబరుస్తుంది. ఇంతకన్నా బలమైన అభ్యంతరం 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోలుది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉన్నందున ఆ నిష్పత్తి సుమారు 13.5కు దిగుతుంది. నిలకడ వేగంలో సెన్సర్ దీన్ని సర్దుతుంది. పూర్తి థ్రాటిల్‌లో దాని మాట చెల్లదు కాబట్టి, ఇ20కి తయారుకాని పాత బండికి మ్యాప్ పట్టికలోని ఆ గళ్లలో మాత్రమే పెట్రోలు కొద్దిగా పెంచడం సమంజసం. అదీ ఎయిర్ ఫిల్టర్, ప్లగ్, ఇంజెక్టర్ శుభ్రంగా ఉన్నాయని తేలాకే, మిశ్రమాన్ని కొలిచే పరికరం పెట్టి చేయాలి.