మరమనిషికి మాటెవరు నేర్పాలి?

'రోబో' ఇంగ్లీషు మాట అనుకుంటారు చాలామంది. కాదు. కారెల్ చాపెక్ అనే చెక్ రచయిత 1920లో ఒక నాటకం రాశాడు. ఒక కంపెనీవారు మనుషుల్లాంటి పనివాళ్ళను టోకున తయారుచేసి దేశదేశాలకూ అమ్మడం అందులో కథ. ఆ కృత్రిమ మనుషులకు ఏం పేరు పెట్టాలో తోచక చాపెక్ తన అన్న జోసెఫ్‌ను అడిగాడు. అన్నగారు చిత్రకారుడు. బొమ్మ వేసుకుంటూ, నోట్లో కుంచె పెట్టుకునే, 'రోబోట్లు' అని పెట్టెయ్యమని గొణిగాడట. చెక్ భాషలో 'రోబోటా' అంటే కూలి లేకుండా దొరగారికి చేసి తీరవలసిన చాకిరీ.

అంటే అచ్చంగా మన 'వెట్టి' అన్నమాట! నైజాం ఏలుబడిలో తెలంగాణా పల్లెల్లో పుట్టిన తాతలకు ఈ మాటకు అర్థం చెప్పనక్కరలేదు. గడీలో నీళ్ళు మోసినవాళ్ళకూ, దొరగారి పొలం దున్నినవాళ్ళకూ అది ఒంటికి తెలిసిన అర్థమే. ఆ లెక్కన రోబోటుకు తెలుగులో సరైన పేరు 'వెట్టిమనిషి' కావాలి. అయితే ఎవరో పుణ్యాత్ములు 'మరమనిషి' అన్నారు. పిండిమర, మరఫిరంగి, మరచెంబు మనకు పాత చుట్టాలే గనక ఈ కొత్తవాడు కూడా వాటి పక్కన సర్దుకుని కూర్చున్నాడు.

కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ దాని వెనకే ఇంకో ప్రశ్న కూడా వస్తుంది. దీన్ని ఏమని పిలవాలి, దీనితో ఏ భాషలో మాట్లాడాలి అని. ఇవాళ కృత్రిమ మేధ ధర్మమా అని అందరూ వేసుకుంటున్న ఈ ప్రశ్న హైదరాబాదుకు కొత్తది కాదు. వందేళ్ళ క్రితమే ఈ ఊళ్ళో దీనికోసం ఒక ఆఫీసే తెరిచారు.

1917లో అక్బర్ హైదరీ నిజాం ప్రభువు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఒక విజ్ఞప్తి చేసుకున్నాడు. కుర్రాళ్ళ శక్తి అంతా ఇంగ్లీషుతో కుస్తీ పట్టడానికే సరిపోతోంది, అసలు విషయం బుర్రకెక్కడం లేదు, కనక పెద్దచదువులు కూడా దేశభాషలోనే చెప్పించాలని దాని సారాంశం. ప్రభువు సరేనన్నాడు. ఉస్మానియా యూనివర్సిటీ అలా పుట్టింది. తరగతులు మొదలైంది 1919లో. కానీ పుస్తకాలను అనువదించే శాఖ, దార్-ఉల్-తర్జుమా, 1917లోనే వెలిసింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందా? కానీ ఈ ఒక్క సందర్భంలో మాత్రం సోమలింగమే ముందు పుట్టాలి. మాటలు లేకుండా పాఠం ఎలా చెబుతారు?

మౌల్వీ అబ్దుల్ హక్ ఆ శాఖకు తొలి అధిపతి. కొన్నేళ్ళ తర్వాత జోష్ మలీహాబాదీ అంతటి కవి కూడా అక్కడ ఉద్యోగం చేశాడు. గణితం, రసాయనం, వైద్యం, ఇంజనీరింగు, చరిత్ర — వందల పుస్తకాలు ఉర్దూలోకి దిగాయి. ఒక్కొక్క పారిభాషిక పదం కోసం పండితులూ శాస్త్రజ్ఞులూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని వాదించుకునేవారు. అరబ్బీ నుంచి తేవాలా, వాడుకలో ఉన్న హిందీ మాట చాలునా అని పట్టుదలలు. వహీదుద్దీన్ సలీం 1921లో పారిభాషిక పదాలు ఎలా కల్పించాలో చెబుతూ ఏకంగా ఒక గ్రంథమే రాశాడు.

ఇందులో ఒక లోటు ఉంది, అది చెప్పకపోతే చరిత్ర సగమే అవుతుంది. దేశభాష అన్నారే గాని, ఆ రాజ్యంలో ఎక్కువ ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగు. ఆ తర్వాత మరాఠీ, కన్నడం. పల్లెటూరి తెలుగు కుర్రాడికి ఇంగ్లీషు ఎంత దూరమో, అరబ్బీ మాటలు దట్టించిన ఉర్దూ కూడా ఇంచుమించు అంతే దూరం. అయినా ఒక్క సంగతి మాత్రం తేలిపోయింది. భారతీయ భాషలో ఇంజనీరింగూ డాక్టరీ చెప్పవచ్చు. మనసుండి, డబ్బు పెట్టి, పాతికేళ్ళు ఓపిక పట్టాలి.

మొదట్లో యూనివర్సిటీ అద్దె ఇళ్ళల్లోనే నడిచింది. ఇప్పుడు అందరికీ తెలిసిన ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. దాన్ని ఆనుకునే తార్నాక. తార్ అంటే తీగ, నాకా అంటే చౌకీ. తీగల కంచె వేసిన చౌకీ ఉండేది గనక ఆ పేరు వచ్చిందంటారు. పేరులో ఏముందో గాని, ఆ తర్వాతి కాలంలో ఆ చుట్టుపక్కల వెలిసినవన్నీ తీగలూ మీటలూ ఉన్న సంస్థలే. తార్నాక నుంచి ఉప్పల్ వెళ్ళే దారిలో రసాయనాల వాళ్ళు, భూభౌతిక శాస్త్రం వాళ్ళు, కణజీవశాస్త్రం వాళ్ళు వరసగా లేబొరేటరీలు కట్టుకున్నారు.

కంప్యూటరు సంగతికి వద్దాం. ఈ మాటకు మొదట యంత్రం అని అర్థం లేదు. మనిషే కంప్యూటరు. దేశదేశాల వేధశాలల్లో కూర్చుని లెక్కలు కట్టే ఉద్యోగులను ఆ పేరుతో పిలిచేవారు. హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా వేధశాల 1919లో ఉస్మానియా చేతికి వచ్చింది. ఆకాశం మొత్తాన్నీ ఫొటోలు తీసి చుక్కలకు పట్టిక వెయ్యాలని 1887లో పారిస్‌లో సంకల్పించారు. ఆ మహాయజ్ఞంలో తలా ఒక ముక్క పంచుకున్న వేధశాలల్లో మనదీ ఒకటి. గాజుపలక మీద పడ్డ ఒక్కొక్క చుక్క చోటు కొలిచి, లెక్క కట్టి, కాగితం మీద ఎక్కించాలి. అలా ఈ ఊళ్ళో పట్టికకెక్కిన నక్షత్రాలు 7,63,542. చేత్తో చేసిన పని! చుక్కలు లెక్కపెట్టడం అంటే కూచోలేక చేసే పని అని వెక్కిరిస్తాం గాని, ఇక్కడ కొందరికి అదే జీవితమైంది.

1948 తర్వాత ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. మాటలు తయారుచేసే కార్ఖానా మూతపడ్డట్టయింది. మళ్ళీ ఇరవై ఏళ్ళకు, 1968లో, తెలుగు అకాడమీ పెట్టారు. పి.వి. నరసింహారావు దానికి మొదటి అధ్యక్షుడు. ఇంటర్మీడియెటూ డిగ్రీ పాఠాలు తెలుగులో చదవడానికి పుస్తకాలూ, పారిభాషిక పదకోశాలూ వచ్చాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే తార్నాక నుంచి మౌలాలీ మీదుగా పోయే రోడ్డు చివర ఇంకో కథ మొదలైంది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు, అందరికీ తెలిసిన ఎ.ఎస్. రావు, 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్‌ను అక్కడ నిలబెట్టాడు. బస్సు కండక్టర్ల నోట అదే 'ఈసీఐఎల్' అయింది. ట్రాంబేలో రూపు దిద్దుకున్న టీడీసీ-12 అనే కంప్యూటరు 1969లో ఈ సంస్థ పేరున బయటికి వచ్చింది. మన దేశంలో తయారై అమ్మకానికి వచ్చిన తొలి కంప్యూటర్లలో అది ఒకటి. తర్వాత 1970లలో టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. ఓటింగ్ యంత్రం మొదటి నమూనాలు కూడా ఆ దశాబ్దం చివర అక్కడివే.

ఆ పేరులో 12 ఏమిటంటారా? కంప్యూటరు ఒక్క గుక్కలో పట్టుకోగలిగే అంకెల కట్టను ఇంజనీర్లు 'మాట' అనే అంటారు. టీడీసీ మాటకు 12 బిట్లు. అంటే సున్నా నుంచి 4095 దాకా ఏ అంకెనైనా అది మోయగలదు. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ నంబర్లిచ్చే యూనికోడ్ పట్టికలో తెలుగుకు 1991లో స్థానం దొరికింది. మన అక్షరాలకు వచ్చినవి 3072 మొదలు 3199 దాకా. 'అ' నంబరు 3077. 4095 లోపలే గదా! అంటే 1969 నాటి ఆ యంత్రంలో కూడా ఒక తెలుగక్షరానికి చోటుంది. లేనిదల్లా మనం ఇవ్వవలసిన నంబరు. అందుకు ఇరవై రెండేళ్ళు పట్టింది. యంత్రానికి తెలుగు రాదని నిందించేముందు ఈ చిన్న లెక్క గుర్తుంచుకోవడం మంచిది.

అద్దాల సంగతీ అంతే. 1968లో అమెరికాలో ఇవాన్ సదర్లండ్ తలకు తగిలించుకునే ఒక పరికరం చేశాడు. బరువు మొయ్యలేక దాన్ని పైకప్పుకు వేలాడదీశారు. పెట్టుకుంటే గాలిలో గీతలతో గీసిన ఆకారాలు కనిపించేవి. తల తిప్పితే అటువైపు నుంచి చూసినట్టే మారేవి. 1980లలో జారన్ లేనియర్ దానికి 'వర్చువల్ రియాలిటీ' అన్న పేరు ప్రచారం చేశాడు. మనవాళ్ళు 'మిథ్యావాస్తవం' అని తర్జుమా చేశారు. ఎవరైనా నోరారా అనగా విన్నారా? నేలనుకుని నీళ్ళల్లో కాలుపెట్టిన దుర్యోధనుడి కథ తెలియని తెలుగు పిల్లవాడు లేడు. 'మయుడి కళ్ళజోడు' అని ఉంటే ముసలమ్మకు కూడా ఒక్క మాటలో తెలిసిపోయేది. పండితుడి బల్ల మీద పుట్టిన మాట వీధిలోకి దిగితేనే బతుకుతుంది. మరమనిషి దిగాడు, బతికాడు.

ఇక యంత్రానికి చెవులు తెప్పించినవారిలో ఒకరు మనవాడే. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి, 1960లలో స్టాన్‌ఫర్డ్‌లో యంత్రం చేత మాటలు గుర్తుపట్టించే పనిలో దిగాడు. నోటితో ఆజ్ఞ చెబితే చెక్కదిమ్మెలు కదిపే మరచెయ్యి ఆ ప్రయోగశాలలోదే. 1979లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ రోబోటిక్స్ సంస్థకు ఆయనే తొలి డైరెక్టరు. 1994లో ట్యూరింగ్ బహుమతి అందుకున్నాడు. కానీ కాటూరు మనిషి చెప్పినా, ఆ చెయ్యి ఆనాడు విన్నది ఇంగ్లీషే.

ఇప్పటి యంత్రాలు వేరే. వ్యాకరణం నేర్పితే నేర్చుకునే రకం కాదివి. మనుషులు రాసినదంతా చదివి, ఏ మాట పక్కన ఏ మాట వస్తుందో కోట్ల సార్లు చూసి పట్టేస్తాయి. ఎంత పిండికి అంత రొట్టె. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అన్నవాళ్ళు 8 కోట్ల 11 లక్షలు. ఇంతమంది నోట్లో ఉన్న భాష కాగితం మీద ఎంత ఉంది? కథలున్నాయి, సినిమా కబుర్లున్నాయి, రాజకీయాలున్నాయి. పంపు మోటారు బాగుచెయ్యడం, పైరుకు తెగులు పట్టడం, బాలింతకు పథ్యం పెట్టడం — ఇవి నోట్లోనే ఉండిపోయాయి. ఒకే కాయను ఒక ఊళ్ళో వేరుశనగ అంటారు, ఇంకోచోట పల్లీ, మరోచోట శెనక్కాయ, కర్నూలు వైపు బుడ్డలు. రైతు 'బుడ్డలకు తెగులు పట్టింది' అని ఫోనులో అడిగితే యంత్రం తెల్లమొహం వేస్తే నష్టం యంత్రానికి కాదు.

ఈ సంగతి ముందే కనిపెట్టినట్టు పనిచేసిన పెద్దమనిషి ఒకరు ఉస్మానియా క్యాంపస్‌లోనే ఉండేవారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు. 1962లో అక్కడ భాషాశాస్త్ర శాఖకు అధిపతిగా వచ్చారు. వ్యవసాయం మాటలతో ఆయన చేసిన మాండలిక వృత్తిపదకోశం ఆ ఏడే అచ్చయింది. చేనేత సంపుటం 1971లో వచ్చింది. జిల్లా జిల్లాకూ మనుషులను పంపి, రైతులనూ నేతగాళ్ళనూ అడిగి, ఒక్కొక్క పనిముట్టు పేరూ రాయించారు. ఆనాడు కంప్యూటరు కోసం చేసిన పని కాదది. ఈనాడు కంప్యూటరుకు అంతకంటే మంచి తెలుగు వాచకం దొరకడం కష్టం.

దార్-ఉల్-తర్జుమా వారు మాటలను పైనుంచి దించారు. కృష్ణమూర్తిగారు కిందనుంచి ఏరారు. మరమనిషికి తెలుగు రావాలంటే రెండూ కావాలి. ఆఫీసు తెరవడం ప్రభుత్వం పని, సరే. రెండోదానికి ఆఫీసు అక్కరలేదు. మీ ఇంట్లో మగ్గం నేసిన తాతగారున్నారా, పురుళ్ళు పోసిన అమ్మమ్మ ఉందా, తార్నాక మూల మీద మోటారు విప్పి బిగించే మిత్రుడున్నాడా? పక్కన కూర్చుని, ఆ పని ఎలా చేస్తారో వాళ్ళ మాటల్లోనే రాసి పెట్టండి. ఒక్క పుట చాలు. యంత్రం చదివినా చదవకపోయినా, మనవలు చదువుతారు.