లేచినవాడు ఇచ్చే అధికారం: ఒంగోలు, దోర్నకల్ సంఘాల చరిత్రలో పునరుత్థాన విశ్వాసం

యేసుక్రీస్తు మృతుల్లోనుంచి లేచాడన్న విశ్వాసాన్ని తెలుగు సంఘాలు ఎక్కువగా ఓదార్పుగా వింటాయి. భూస్థాపన వేళ చేసే ప్రసంగంలో, ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో వెలిగించే కొవ్వొత్తుల్లో, పోయినవాళ్లను మళ్లీ చూస్తామన్న నమ్మకంలో ఆ ఓదార్పు ఉంది. దాన్ని తక్కువచేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే కొత్త నిబంధన పునరుత్థానం గురించి మాట్లాడిన ముఖ్యమైన చోట్ల, చనిపోయినవాళ్ల సంగతితోపాటు బతికున్నవాళ్లకు దక్కిన ఒక అధికారాన్ని, వాళ్లకు అప్పగించిన ఒక పనిని కూడా చెబుతుంది. ఆ రెండో మాట మన బోధలో పలచబడింది. మరోవైపు ‘దైవాధికారం’, ‘అభిషేకం’ అన్న మాటలు వేదికల మీద గట్టిగానే వినిపిస్తున్నాయి గాని, ఖాళీ సమాధితో వాటికున్న సంబంధమేమిటో విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ.

పునరుత్థానం నుంచి వచ్చే అధికారం చావుభయం తగ్గిన మనిషికి దొరికే నిలకడ అని, అప్పగించిన పని కోసమే అది దొరుకుతుందని, పనిని వదిలి అధికారాన్ని మాత్రమే పట్టుకున్నచోట అది పెత్తనంగా మారుతుందని ఈ వ్యాసం వాదిస్తుంది. ఇందుకు ఆధారాలను మొదట కొత్త నిబంధనలోను, తర్వాత తెలుగు నేలమీద రెండు చోట్లా చూపుతాను. ఒకటి, 1866 నుంచి 1878 దాకా ఒంగోలు పరిసరాల్లోని మాదిగ క్రైస్తవుల చరిత్ర. రెండోది, 1912 నుంచి 1945 దాకా బిషప్ వి.ఎస్. అజరయ్య నడిపిన దోర్నకల్ అధ్యక్ష మండలం.

వాక్యంలో ఉన్న క్రమం

మత్తయి సువార్త చివరి సన్నివేశం గలిలయలోని ఒక కొండమీద జరుగుతుంది. వచ్చినవాళ్లు పదకొండు మంది. వాళ్లలో కొందరు సందేహించారని సువార్తికుడు దాచకుండా రాశాడు. సందేహం తీరేదాకా యేసు ఆగలేదు. పరలోకంలోను భూమిమీదా సర్వాధికారం తనకు ఇవ్వబడిందని చెప్పి, కాబట్టి మీరు వెళ్లండి అన్నాడు. అధికారం ఆయనది, వెళ్లడం వాళ్లది. ఆ అధికారాన్ని శిష్యుల పేరున రాసి ఇచ్చినట్టు ఆ వచనాల్లో ఎక్కడా లేదు. ఆయన వాళ్లతో ఉంటానన్నాడు, అంతే. ఈ తేడాను మరిచిన బోధ ఎంత ఉత్సాహంగా ఉన్నా మత్తయి చెప్పినది కాదు.

పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఈ విషయాన్ని మరింత పదునుగా చూపిస్తుంది. పదిహేనో అధ్యాయంలో 58 వచనాలు ఉన్నాయి. పునరుత్థానం మీద కొత్త నిబంధనలో ఇంత సుదీర్ఘమైన చర్చ మరొకటి లేదు. మరణం మింగివేయబడిందన్న జయధ్వని తర్వాత, ఆ అధ్యాయం స్థిరంగా ఉండమని, ప్రభువు కోసం పడిన ప్రయాస వృథా పోదని చెప్పి ముగుస్తుంది. వెంటనే వచ్చే వాక్యం యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం పోగుచేసే చందా గురించి. అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో చేసినది. కొరింథు సంఘంలో ఈ పత్రికను చదివి వినిపించిన రోజున వినేవాళ్లకు మధ్యలో విరామమేమీ లేదు. కడబూర మోత చెవుల్లో ఉండగానే వారంవారం కొంత సొమ్ము తీసిపెట్టండన్న మాట పడింది. అపొస్తలుల కార్యములు నాలుగో అధ్యాయంలోనూ ఇదే వరుస. అపొస్తలులు గొప్ప బలంతో పునరుత్థానానికి సాక్ష్యమిచ్చారన్న వాక్యం పక్కనే, వాళ్లలో కొరత పడినవాడు ఒక్కడూ లేడన్న వాక్యం ఉంది. ఇది యాదృచ్ఛికమని నేను అనుకోను.

కొరింథులో ఇంకో సంగతి ఉంది. పదిహేనో అధ్యాయాన్నిబట్టి చూస్తే అక్కడ కొందరు మృతుల పునరుత్థానం లేదని అంటున్నారు. నాలుగో అధ్యాయాన్నిబట్టి చూస్తే కొందరు తాము అప్పుడే రాజులమైపోయినట్టు ప్రవర్తిస్తున్నారు. పౌలు వాళ్లకు తన ఆకలిని, దాహాన్ని, చేతులతో చేసుకునే కష్టాన్ని చూపించాడు. శరీరం మళ్లీ లేస్తుందన్న నమ్మకం సడలితే శరీరాల బాధ్యత కూడా సడలుతుంది. అప్పుడు ఆత్మీయత అంటే గొప్పతనం అన్న అర్థం వచ్చేస్తుంది. పునరుత్థానం అంటే ప్రాచీన యూదులకు, తొలి క్రైస్తవులకు శరీరంతో లేవడమేనని ఎన్.టి. రైట్ 2003లో వెలువరించిన బృహద్గ్రంథంలో విస్తారంగా నిరూపించాడు. ఆ నిర్ధారణను అంగీకరిస్తే, ఆకలిగొన్న శరీరం, అవమానపడిన శరీరం ఈ విశ్వాసానికి మొదటి కార్యక్షేత్రాలవుతాయి.

ఈ అధికారాన్ని మొదట మోసినది స్త్రీలు. యోహాను సువార్తలో లేచిన ప్రభువును మొదట చూసినది మగ్దలేనే మరియ. వెళ్లి సోదరులతో చెప్పమని ఆయన పంపినదీ ఆమెనే. స్త్రీల సాక్ష్యాన్ని అంగీకరించరాదన్న యూదుల నియమాన్ని మొదటి శతాబ్దపు చరిత్రకారుడు జోసీఫస్ నమోదు చేశాడు. స్త్రీలు చెప్పిన మాటలు అపొస్తలులకు వెర్రిమాటలుగా తోచాయని లూకా రాశాడు. సాక్షిగా చెల్లని మనిషి నోట ఈ వార్త మొదట పెట్టబడింది. తెలుగు సంఘ చరిత్రలోకి అడుగుపెట్టేటప్పుడు ఈ విషయాన్ని గుర్తుంచుకోవడం మంచిది.

ఒంగోలు: చచ్చిన గొడ్డు, డప్పు, బాప్తిస్మం

అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్ 1836లో శామ్యూల్ డేతో మొదలైంది. ఏళ్లు గడిచినా ఫలితం కనబడక, దాన్ని మూసేద్దామన్న ప్రతిపాదన అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషన్‌కు చెందిన లైమన్ జ్యూయెట్ దంపతులు, నెల్లూరుకు చెందిన మరో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండమీద ప్రార్థన చేశారు. ఆ ముగ్గురిలో రూతు, జూలియా అనే ఇద్దరు స్త్రీలు. అదే మిషన్‌కు చెందిన జాన్ క్లౌ 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. 1867 జనవరి 1న సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది.

దీన్ని మిషనరీల కథగా చెప్పడం అలవాటు. మలుపు తిప్పినవాడు మాత్రం యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ. తోళ్ల వ్యాపారం మీద ఉత్తరాదికి తిరిగే పేరయ్య అప్పటికే రాజయోగ గురుపరంపరలో ఉన్నవాడు. 1866లో బాప్తిస్మం పొందిన తర్వాత ఆయన, భార్య నాగమ్మ తమ పల్లెల్లోకి, చుట్టాల ఊళ్లలోకి సువార్తను తీసుకువెళ్లారు. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన పుస్తకంలో పేరయ్య వంటివారి అన్వేషణను ఓపికగా నమోదు చేసింది. ఆమె సేకరించిన కథల ప్రకారం ఆయన ఆధ్యాత్మిక దాహం మిషన్ రాకముందే మొదలైంది. బోధించే అర్హతను ఎవరో తెల్లదొర ఆయనకు ఇవ్వలేదు. ఆయనకున్న బంధుత్వాలు, మాట మీద జనానికున్న గురి సువార్తకు బాటలయ్యాయి.

కొత్తగా చేరినవాళ్ల ముందు మూడు నియమాలు పెట్టారు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. పండుగల్లో డప్పు కొట్టడం మానడం మూడోదానిలోనే కలిసి వచ్చింది. చదవడానికి ఇవి మతాచారాల జాబితాలా కనిపిస్తాయి. వెట్టి నడిచే ఊళ్లో మాత్రం వీటి అర్థం వేరు. చచ్చిన పశువును ఎత్తడం, తోలు ఒలవడం, ఆ మాంసం తినడం, పిలిచినప్పుడు డప్పు పట్టుకుని రావడం ఊరు మాదిగలకు రాసిపెట్టిన పనులు. ఊరు వాళ్లను చావుతో కట్టేసింది. అంటరానితనానికి కారణంగా చూపింది కూడా ఆ ముడినే. చావును గెలిచినవాడిని నమ్మినవాళ్లు ఆ ముడిని తామే విప్పుకున్నారు. ఊరిపెద్దలు బావులు మూయించారు, బజారులో సరుకు పుట్టకుండా చేశారు, దొంగతనాలు అంటగట్టారు. అయినా నిలబడ్డారు. ఆధ్యాత్మిక అధికారం అన్న మాటకు ఇంతకంటే స్పష్టమైన నిర్వచనం నాకు దొరకలేదు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. చచ్చిన గొడ్డు తినకూడదన్న నియమంలో అగ్రవర్ణాల శుచి భావన చొరబడలేదా? డప్పును వదిలేయించడం మాదిగల కళను కించపరచడం కాదా? 1994 జులై 7న ఒంగోలు ఉన్న ప్రకాశం జిల్లాలోనే ఈదుముడిలో పుట్టిన మాదిగ దండోరా ఉద్యమం ఆ డప్పునే గౌరవ చిహ్నంగా ఎత్తి పట్టింది. ఈ రెండింటినీ పరస్పర విరుద్ధాలుగా చూడనక్కరలేదని నా అభిప్రాయం. పిలిస్తే వచ్చి కొట్టక తప్పని డప్పును ముత్తాతలు దించారు. తమ ఇష్టంతో, తమ పేరు చెప్పుకుంటూ మోగించే డప్పును మునిమనవలు ఎత్తారు. కొట్టాలా వద్దా అని తేల్చుకునే హక్కు రెండు తరాల్లోనూ ఒకటే. అయితే తర్వాతి కాలపు సంఘాలు డప్పును గుడి వాకిట్లోకి కూడా రానివ్వకుండా నియమాన్ని గట్టిపరచినచోట ఈ విమర్శను తలవంచి వినాలి.

1876-78 కరవు అసలు పరీక్ష. మునుపు సర్వేయరుగా పనిచేసిన క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. గంజి కోసమే మతం మారతారన్న నింద పడకుండా ఆ కరవుకాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం ముగిశాక జనం వచ్చారు. తమకు సాయం అక్కర్లేదని, చేతులమీద బొబ్బలే తమ కష్టానికి సాక్ష్యమని, మళ్లీ పంట పోయి చావవలసివస్తే క్రైస్తవులుగానే చస్తామని వాళ్లు అన్నట్టు క్లౌ రాశాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు క్లౌ ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. అభిషిక్తులైన ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా నీళ్లలో దిగి ఆ పని చేశారు. ముట్టుకుంటే మైలపడతామని ఊరు అన్న జనాన్ని ఆ నీళ్లలో ముంచి లేపినవి ఆ బోధకుల చేతులు. క్రీస్తుతో పాతిపెట్టబడి ఆయనతో లేవడమే బాప్తిస్మమని పౌలు రోమీయులకు రాసిన మాటను గుండ్లకమ్మ నీళ్లలో ఆ జనం తమ ఒంటిమీద తెలుసుకున్నారు.

దోర్నకల్: తలమీద చెయ్యి

తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన అజరయ్య తమిళుడు. తెలుగు నేర్చుకుని దోర్నకల్‌కు మిషనరీగా వచ్చాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. ఆ నియామకాన్ని కొందరు ఐరోపా మిషనరీలు ఇష్టపడలేదు. ఆయన సంఘంలో అత్యధికులు మాల, మాదిగ కూలీలు.

బాప్తిస్మం తీసుకునేవాళ్ల చేత అజరయ్య ఒక పని చేయించేవాడు. తమ తలమీద తామే చెయ్యి పెట్టుకుని, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అని పౌలు తన గురించి చెప్పుకున్న మాటను పలికించేవాడు. గురువుల అభిషేకంలో తలమీద చెయ్యి పెట్టేది బిషప్. ఇక్కడ నాట్లు వేసే స్త్రీ తన తలమీద తన చెయ్యే పెట్టుకుంది. చదువురాని మనిషికి కూడా చెప్పవలసిన మాట ఉందని, చెప్పే బాధ్యత ఉందని ఆ ఒక్క క్రియ నేర్పింది. అజరయ్య బోధలో ఇవ్వడానికి ఉన్న చోటు కూడా ఇక్కడ చెప్పుకోవాలి. క్రైస్తవ దాతృత్వం మీద ఆయన రాసిన చిన్న పుస్తకం చాలా భాషల్లోకి వెళ్లింది. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో ఎసట్లో బియ్యం పోసేముందు సంఘం కోసం పిడికెడు తీసి పక్కన పెట్టే ఆచారాన్ని కొరింథు చందాతో కలిపి చదవాలి. తీసుకునేవాళ్లుగా మాత్రమే ఊరు చూసిన జనం ఆ పిడికెడుతో ఇచ్చేవాళ్లయ్యారు.

1939 జనవరి 6న ప్రతిష్ఠించిన దోర్నకల్ కతీడ్రల్‌లో ఈ పునరుత్థాన విశ్వాసం రాతిలో ఉంది. అక్కడి శిల్పాల్లో ఉమ్మెత్త పువ్వు మరణానికి, అరటిపువ్వు జీవానికి, తామర రేకులు భారతదేశానికి గుర్తులు. గెల వేసిన అరటి పడిపోతుంది, పక్కన పిలక లేస్తుంది. పల్లెటూరి విశ్వాసికి ఇంతకంటే వ్యాఖ్యానం అక్కర్లేదు.

అజరయ్య పద్ధతిని అందరూ మెచ్చలేదు. 1930ల్లో గాంధీ సామూహిక మతాంతరాలను తీవ్రంగా విమర్శించాడు. ఆ వాదోపవాదాలను సుసాన్ బిల్లింగ్టన్ హార్పర్ 2000లో ప్రచురించిన పరిశోధన విపులంగా చర్చించింది. పేదవాడు ఆలోచించి నిర్ణయం తీసుకోలేడన్న ఊహ ఆ విమర్శలో దాగి ఉంది. వెలంపల్లిలో నిలబడ్డవాళ్లు ఆ ఊహకు ముందే జవాబు చెప్పారు.

ఇప్పటి స్థితి

ఇవాళ కొన్ని వేదికల మీద పునరుత్థాన శక్తి అన్న మాట బోధకుడి సొత్తుగా మారింది. ఆయనను ప్రశ్నిస్తే దేవుణ్ణి ప్రశ్నించినట్టేనని, ఆయన చేతికి కానుక ఇస్తే దీవెన వస్తుందని చెబుతున్నారు. కొరింథులో పౌలు గద్దించినది ఇలాంటివాళ్లనే. పైన చూసిన ఆధారాలనుబట్టి మూడు ప్రశ్నలు అడగవచ్చు. ఈ అధికారం వల్ల ఎవరి భయం పోయింది? ఎవరి చేతికి పని అందింది? ఎవరి కొరత తీరింది? ఈ మూడింటికీ బోధకుడి పేరే జవాబైతే అది లేచినవాడు ఇచ్చిన అధికారం కాదు.

పరిశోధకుడిగా నన్ను బాధించే లోటు ఒకటుంది. పేరయ్య మాటలు, వెలంపల్లి జనం మాటలు మనకు చేరినది మిషనరీల కలం ద్వారానే. తెలుగు బైబిలు స్త్రీల మీద జేమ్స్ తానేటి చేసిన పరిశోధన ఈ లోటును కొంత పూరించింది. పూరించవలసింది ఇంకా చాలా ఉంది. పాత సంఘాల బాప్తిస్మ రిజిస్టర్లు, సమాధి రాళ్లమీది పేర్లు, అవ్వలు చెప్పే కథలు ఇంకా కొన్నిచోట్ల మిగిలే ఉన్నాయి. మీ ఊరి గుడి బీరువాలో అలాంటి రిజిస్టరు ఉంటే చెదలు పట్టకముందే దాన్ని ఫొటో తీయించండి. మీ ఇంట్లో మొదట బాప్తిస్మం పొందినది ఎవరో, అందుకు వాళ్లు ఊళ్లో ఏమేమి పోగొట్టుకున్నారో పెద్దవాళ్లను అడిగి రాసిపెట్టండి.