అమ్మాయి హెల్మెట్

"అమ్మా, కోయంబత్తూరుల రెండ్రోజుల ట్రెయినింగ్. కారు వాళ్ళే ఇస్తరు, హెల్మెట్ మాత్రం మనమే తెచ్చుకోవాలంట" అంది మా అమ్మాయి. నేను పప్పుకి పోపు పెడుతున్నాను. వినపడనట్టే గరిటె తిప్పాను. ఆవాలు మాడాయి.

ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతోంది. కాలేజీలో స్నేహితులతో కలిసి చిన్న రేసు కారు ఒకటి తయారు చేస్తోంది. బోల్టులు బిగించేంతవరకే అనుకున్నాను, ఇప్పుడు నడుపుతానంటోంది. ఈ పిచ్చి 2023 ఫిబ్రవరి 11న పట్టుకుంది. ఆ రోజు హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల పోటీ జరిగింది, మన దేశంలో అదే మొదటిసారి. మనం రోజూ తిరిగే రోడ్ల మీదే సుమారు 2.8 కిలోమీటర్ల చుట్టు. మేమంతా ట్రాఫిక్ మళ్ళించారని విసుక్కుంటుంటే ఇది మాత్రం కళ్ళింత చేసుకుని చూసింది.

మా వారు "మీ ఇష్టం" అని పేపరు తిప్పారు. అంటే వద్దని నేను చెప్పాలన్నమాట.

అఫ్జల్‌గంజ్‌లో ఉండేవాళ్ళకి తలకి దెబ్బ అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఉస్మానియా ఆస్పత్రి గేటు ముందు నుంచే కూరగాయలకి వెళ్తాం. తలకి కట్టుతో పడుకున్న కుర్రాళ్ళు, పక్కన టిఫిన్ డబ్బా పట్టుకుని కూర్చున్న తల్లులు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా అలవాటు కాలేదు. అయినా వద్దనలేదు. "హెల్మెట్ నేను చూసి కొంటేనే వెళ్ళాలి" అన్నాను. అలా అంటే కొన్నాళ్ళు వాయిదా పడుతుందనుకున్నాను, నిజం చెప్పాలంటే.

ముందు దగ్గర్లో ఉన్న ఒక దుకాణానికి వెళ్ళాం. "ఐఎస్ఐ హై అమ్మా, ఫికర్ మత్ కరో" అని అతను వరసగా దించాడు. పిల్ల తల అడ్డంగా ఊపింది. ఇవి బండికి, కారు రేసుకి పనికిరావట. హెల్మెట్ హెల్మెటే కదా, తేడా ఏముంటుంది? ఈ ప్రశ్న పట్టుకుని నాలుగైదు మధ్యాహ్నాలు మా వీధి దగ్గరి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలోనూ, అమ్మాయి ఫోనులోనూ చదువుతూ కూర్చున్నాను.

1914లో ఇంగ్లండులో బ్రూక్‌లాండ్స్ రేసు ట్రాక్ దగ్గర ఎరిక్ గార్డనర్ అనే డాక్టరు ఉండేవాడు. మోటారు సైకిళ్ళ మీంచి పడి తలలు పగిలినవాళ్ళని చూసి చూసి, కాన్వాస్ గుడ్డకి లక్క పట్టించి ఒక గట్టి టోపీ చేయించాడు. లక్క! మన లాడ్ బజార్ గాజుల లక్కే. ఆ ఏడే ఐల్ ఆఫ్ మాన్ పోటీలో దాన్ని తప్పనిసరి చేశారు.

తర్వాత 1935లో, అరేబియా లారెన్స్ అని పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ మోటారు సైకిల్ మీంచి పడి ఆరు రోజులకి చనిపోయాడు. ఆయన్ని చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఒకరు. ఆ చావుని ఆయన మరచిపోలేదు. సైన్యంలో కబుర్లు మోసే మోటారు సైకిల్ సైనికుల తల దెబ్బలన్నీ లెక్కగట్టి 1941లో వ్యాసం రాశాడు. సైన్యంలో హెల్మెట్ తప్పనిసరి కావడానికి దారి అక్కడ పడింది. కార్ల వాళ్ళు మాత్రం చాలాకాలం గుడ్డ టోపీలతోనే తిరిగారు. ఫార్ములా వన్‌లో 1952లో గానీ హెల్మెట్ తప్పనిసరి కాలేదు. ముఖమంతా మూసేది ఆ పోటీల్లోకి 1968లో వచ్చింది, డాన్ గర్నీ తల మీద.

నా గుండె ఆగింది మాత్రం పీట్ స్నెల్ దగ్గర. అతను ఛాంపియనేం కాదు. మా అమ్మాయిలా ఇష్టంకొద్దీ కారు తోలే అమెరికన్. 1956లో పోటీలో కారు పల్టీ కొట్టింది. తల మీద హెల్మెట్ ఉంది, కానీ అది కాపాడలేదు. అప్పటి హెల్మెట్లు పై చిప్ప చూసి కొనేవే. లోపల ఏముందో, ఎంత దెబ్బకి ఆగుతుందో చెప్పేవాళ్ళు లేరు. మరుసటి ఏడు అతని స్నేహితులు, కొందరు వైద్యులు కలిసి అతని పేరుతో ఒక సంస్థ పెట్టారు. హెల్మెట్లు కొని తెచ్చి, లోహపు తలకి తొడిగి, ఇనుప దిమ్మెల మీదికి పడేసి చూడడమే దాని పని. తట్టుకున్నవాటికే వాళ్ళ స్టిక్కర్. ఇప్పటికీ అమ్ముడవుతున్న వాటిలోంచి కొన్ని తెచ్చి మళ్ళీ పగలగొట్టి చూస్తారు.

ఆ స్టిక్కర్ మీద ఎం అని ఉంటే మోటారు సైకిల్‌కి, ఎస్ఏ అని ఉంటే కారుకి. కారులో మంటలంటుకోవచ్చు, తల చుట్టూ ఉండే ఇనుప కడ్డీలకి తగలొచ్చు. అందుకే ఎస్ఏ వాటిని మంటతోనూ, కడ్డీ దెబ్బతోనూ కూడా పరీక్షిస్తారు. మన ఐఎస్ఐ గుర్తు ద్విచక్ర వాహనాలకి పెట్టిన కొలత. అది లేని బండి హెల్మెట్ అమ్మడాన్ని 2021 జూన్ 1 నుంచి నిషేధించారు. దుకాణంలో అతను అబద్ధం చెప్పలేదు, మేమే వేరే వస్తువు అడిగాం.

అక్షరాల పక్కన సంవత్సరం కూడా ఉంటుంది, 2015, 2020, 2025 అని. ఐదేళ్ళకోసారి పరీక్ష మార్చడమెందుకు? ఒకసారి తేలింది కదా అనిపించింది. దానికి జవాబు మా వీధిలోనే దొరికింది.

1888లో అప్పటి అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి డాక్టరు ఎడ్వర్డ్ లారీ, ఆపరేషన్‌కి ఇచ్చే క్లోరోఫాం మత్తు గుండెని ఆపుతుందా లేదా అని తేల్చడానికి ఇక్కడే జంతువుల మీద పరీక్షలు చేయించాడు. మరుసటి ఏడు నిజాం సొమ్ముతో లండన్ నుంచి నిపుణుణ్ణి రప్పించి మళ్ళీ చేశారు. ప్రపంచమంతా దాన్ని హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ అంది. ఊపిరి చూసుకుంటే చాలు, గుండెకి భయం లేదని తేల్చారు. 1911లో లెవీ అనే వైద్యుడు చూపించాడు, గుండె ఉన్నట్టుండి ఆగిపోగలదని. లారీ మోసగాడేం కాదు. ఆయన పరీక్ష అడగని ప్రశ్న ఒకటి మిగిలిపోయింది, అంతే. ఆ పాత ఆస్పత్రి 1908 మూసీ వరదలో పోయింది, ఇప్పటి ఉస్మానియా తర్వాత కట్టింది. ఆ గేటు ముందు నడుస్తూ స్టిక్కర్ మీది సంవత్సరం ఎందుకో నాకు అర్థమైంది.

ఇక కొనడం. జాకెట్లు కొలిచే టేపుతో కనుబొమల పైనుంచి తల చుట్టూ కొలిచాను. 56 సెంటీమీటర్లు. మన పిల్లలకి అసలు చిక్కు జడ దగ్గర. కొప్పు చుడితే హెల్మెట్ వెనక నుంచి లేస్తుంది. మెడ దగ్గర వదులు జడ వేసుకుని, లోపల మంట అంటని గుడ్డ ముసుగు తొడుక్కోవాలి. జూకాలు తీసేయాలి. వాడిన హెల్మెట్ చవగ్గా వస్తుందని ఎవరో అన్నారు. వద్దన్నాను. లోపలి థర్మకోల్ లాంటి పొర ఒక్కసారి నలగడానికే ఉంది. నలిగాక పైకి కొత్తదానిలాగే కనిపిస్తుంది. రంగు మాత్రం దానికే వదిలేశాను. చివరికి బెంగళూరు నుంచి తెప్పించాం. ధర మా వారికి రెండు విడతలుగా చెప్పాను.

పెట్టె వచ్చిన రోజు సాయంత్రం అరగంట తీయొద్దన్నాను. ఎక్కడైనా నొక్కితే పది నిమిషాల తర్వాతే తెలుస్తుందట. హెల్మెట్‌తోనే కూర్చుని చిక్కుడుకాయలు తుంచింది. రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాను, బుగ్గలు దాంతోపాటే కదిలాయి. వెనక నుంచి పైకి తోశాను, ఊడలేదు. తీశాక నుదుటి మీద ఎర్ర మచ్చ లేదు.

శుక్రవారం రైలు. ఈలోగా మా వారి స్కూటర్ హెల్మెట్ కూడా తిప్పి చూశాను. లోపలి అక్షరాలు పూర్తిగా చెరిగిపోయాయి, ఎప్పుడు కొన్నామో ఇద్దరికీ గుర్తులేదు. ఆదివారం మళ్ళీ ఆ దుకాణానికే వెళ్ళాలి.