ముగ్గు చుక్కల నుంచి రోబో దాకా

మాది కలకడ. పోయిన నెలలో ఒక సాయంత్రం మా పాప బడి నుంచి వచ్చి బ్యాగు మంచం మీద పడేసి, "అమ్మా, రేపట్నుంచి నేను రోబో క్లాసుకి పోను" అంది. ఎనిమిదో తరగతి చదువుతోంది. వాళ్ల బడి పేరెందుకులెండి, ల్యాబు మటుకు ఉంది. చక్రాల బండి లాంటి చిన్న రోబోకి కంప్యూటర్‌లో ఆజ్ఞలు రాసిస్తే, అది నేల మీద నడుస్తూ గీత గీస్తుంది. త్రిభుజం గీయించమంటే మా పాప గీయించింది తప్పిందట. మగపిల్లలు నవ్వారట. "ఆడపిల్లలు చార్టు రాయండి, రోబో వాళ్లు చూసుకుంటారు" అన్నారట. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే నేనూ ఒకప్పుడు చార్టు రాసిన పిల్లనే.

నాకు కోడింగ్ రాదు. అందుకే వాకిట్లోకి తీసుకుపోయి, "నువ్వే రోబో అనుకో, నడువు" అన్నాను. పది అడుగులు ముందుకు, 60 డిగ్రీలు తిరుగు, మళ్లీ పది అడుగులు... మూడుసార్లు నడిచినా బయలుదేరిన చోటికి రాలేదు. త్రిభుజం మూల లోపలి కోణం 60 కదా అని తను 60 రాసింది. కానీ నడిచేవాళ్లు తిరిగేది బయటివైపు కోణం. చుట్టూ తిరిగి మొదటి చోటికి, మొదటి దిక్కుకి రావాలంటే మొత్తం 360. మూడు మలుపులకు పంచితే ఒక్కోటి 120. అది తనే కనుక్కుంది. "అబ్బా, ఇంతేనా!" అని ముఖం వెలిగిపోయింది.

ఆ రాత్రి కూర్చుని ఈ రోబోల కథేంటో చదివాను. మనం కొత్తదనుకుంటాం గానీ, దీనికి యాభై ఏళ్లు దాటాయి. 1967లో అమెరికాలో సేమర్ పాపెర్ట్, వాలీ ఫోయర్జీగ్, సింథియా సాలమన్ మరికొందరితో కలిసి పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాషను తయారుచేశారు. రెండు మూడేళ్లకే దాంతో నేల మీద పాకే రోబోని నడిపించారు. దాని పేరు తాబేలు. "ఫార్వర్డ్ 100, రైట్ 90" అని నాలుగుసార్లు చెబితే చతురస్రం గీస్తుంది. తప్పొస్తే పిల్లని తిట్టేది లేదు. తప్పెక్కడుందో వెతికి సరిచేసుకోవడమే చదువు అంటాడు పాపెర్ట్. తాబేలు ఎటు పోవాలో తోచకపోతే నువ్వే తాబేలువై నడిచి చూడు అన్నదీ ఆయన పద్ధతే. తెలియకుండా మా వాకిట్లో మేం చేసిందీ అదే!

సింథియా సాలమన్ సంగతి మీకు చెప్పి తీరాలి. ఆవిడ కాలేజీలో చదివింది చరిత్ర. ఎం.ఐ.టి.లో మార్విన్ మిన్‌స్కీ అనే శాస్త్రవేత్త దగ్గర సెక్రటరీగా చేరి, ప్రోగ్రామింగ్ అక్కడే నేర్చుకుంది. పిల్లల కంప్యూటర్ భాష పుట్టుకలోనే ఒక ఆడమనిషి చెయ్యి ఉందన్నమాట.

పాపెర్ట్ 1980లో 'మైండ్‌స్టార్మ్స్' అని పుస్తకం రాశాడు. లెగో కంపెనీ 1998లో తెచ్చిన రోబో కిట్లకు ఆ పేరే పెట్టింది. 2007లో బొమ్మల దిమ్మెలు పేర్చినట్టు ప్రోగ్రాం రాసే స్క్రాచ్ వచ్చింది. మన దేశంలో 2016లో అటల్ ఇన్నోవేషన్ మిషన్ మొదలై, ఆరు నుంచి పన్నెండు తరగతుల పిల్లల కోసం బడుల్లో టింకరింగ్ ల్యాబులు పెట్టించింది. ఒక్కో బడికి 20 లక్షల దాకా సాయం. 2020 విద్యా విధానం కూడా ఆరో తరగతి స్థాయి నుంచే కోడింగ్ నేర్పమంది.

వీటన్నిటి కంటే నన్ను ఆపేసింది ఇంకొకటి. 1974లో మద్రాసులో గిఫ్ట్ సిరోమనీ, రాణి సిరోమనీ, కమలా కృతివాసన్ మన ముగ్గుల మీద, అంటే తమిళుల కోలాల మీద, కంప్యూటర్ శాస్త్రంలో పరిశోధన పత్రం ప్రచురించారు. చిన్న ముక్కని ఒక నియమం ప్రకారం పెంచుకుంటూ పోతే పెద్ద ముగ్గు ఎలా వస్తుందో లెక్క కట్టారు. ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్లే.

ఆలోచించండి. "ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వచ్చేదాకా" అని మనం చెప్పుకుంటాం కదా. ఎక్కడ మొదలుపెట్టాలి, ప్రతి వరసలో ఏం చేయాలి, ఎప్పుడు ఆపాలి... అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. ప్రోగ్రాం అంటే అదే. మెలికల ముగ్గులో గీత తప్పితే మొత్తం చెరిపేస్తామా? తప్పిన చోట వేలితో తుడిచి మళ్లీ కలుపుతాం.

మరుసటి వారం బడికెళ్లి సారుని మర్యాదగానే అడిగాను, "పిల్లలందరికీ వంతులేయండి సార్, ఆడామగా లేకుండా" అని. కాసేపు ఇబ్బంది పడ్డారు గానీ ఒప్పుకున్నారు. ఇప్పుడు గోడ మీద వంతుల జాబితా ఉంది. మా పాప వంతు బుధవారం. మొన్న ఆరు రేకుల పువ్వు గీయిస్తానని వెళ్లి, ఐదో రేకు దగ్గర బ్యాటరీ అయిపోయిందని వచ్చింది. ఏడవలేదు. వచ్చే బుధవారం కోసం లెక్క రాసుకుంటూ కూర్చుంది.

మీ ఇంట్లో ఆడపిల్లలుంటే, "ఇవాళ ల్యాబులో ఏం నేర్పారు?" అని మాత్రమే అడిగి ఊరుకోకండి. "రోబోని నువ్వు నడిపావా?" అని కూడా అడగండి.