కేస్ షీట్‌లో ‘పురుగు’ అని రాస్తే పాము కాటు లెక్కలోకి రాదు.. ఐసీడీ-11 కోడింగ్ ట్రైనింగ్ ఎవరికి? ఎందుకు?

కల్వకుర్తి చుట్టుపక్కల పల్లెల్లో రాత్రిపూట పాము పేరెత్తడానికి పెద్దవాళ్లు ఇష్టపడరు. చేను దగ్గర పాము కరిచినా ‘పురుగు ముట్టింది’ అనే అంటారు. అదే మాట ఆసుపత్రిలో ఓపీ చీటీ మీదికి ఎక్కితే? డ్యూటీలో ఉన్నవాళ్లు పురుగు కాటు అని రాసేస్తే, కంప్యూటర్ ముందు కూర్చున్న ఆపరేటర్ దానికి తగ్గ కోడే కొడతారు. ఐసీడీ-10లో పాము విషానికి కోడ్ టీ63.0. కందిరీగ, తేనెటీగ లాంటి పురుగుల విషానికి టీ63.4. చివర ఒక్క అంకె తేడా, అంతే. డాక్టర్ లక్షణాలు చూసి విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం కాపాడి ఉండొచ్చు. కానీ రికార్డులో మాత్రం ఆ రోజు పాము కాటు కేసే లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన కొత్త కోడింగ్ విధానం ఐసీడీ-11 గురించి మాట్లాడుకునేటప్పుడు అందరి దృష్టీ సాఫ్ట్‌వేర్ మీదే ఉంటుంది. అసలు ట్రైనింగ్ కావాల్సింది అంతకంటే ముందు, పేషెంట్ చెప్పిన మాటను కాగితం మీద పెట్టే చోట.

అసలు ఐసీడీ అంటే ఏంటి?

రోగాలు, గాయాలు, మరణ కారణాలన్నిటికీ ప్రపంచమంతా ఒకే కోడ్ వాడేలా చేసిన జాబితా ఇది. షుగర్‌ను ఒక డాక్టర్ డయాబెటిస్ అని, ఇంకొకరు డీఎం అని, మరొకరు టైప్-2 అని రాస్తారు. ఎవరెలా రాసినా కోడ్ ఒక్కటే ఉంటే లెక్క తేలుతుంది. ఇప్పటిదాకా నడుస్తున్న ఐసీడీ-10కు 1990లో ఆమోదం దొరికింది, 1994 నుంచి దేశాలు వాడటం మొదలుపెట్టాయి. ఐసీడీ-11ను 2019 మేలో ప్రపంచ ఆరోగ్య మహాసభ ఆమోదించింది. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే ఆ రోజు నుంచి ఏ దేశమైనా వాడుకోవచ్చు. మారడానికి ఎవరి టైమ్ వాళ్లది.

కొత్తదానిలో కోడ్ రూపమే మారిపోయింది. టైప్-2 షుగర్ ఐసీడీ-10లో ఈ11, ఐసీడీ-11లో 5ఏ11. బీపీ ఐ10 నుంచి బీఏ00 అయ్యింది. సున్నాను ‘ఓ’ అనుకుని, ఒకటిని ‘ఐ’ అనుకుని పొరపడకుండా ఆ రెండు ఇంగ్లిష్ అక్షరాలను కొత్త కోడ్‌లలో వాడలేదు. చేత్తో రాసిన రిజిస్టర్ల నుంచి ఎంట్రీ చేసేవాళ్లకు ఈ చిన్న మార్పు విలువ బాగా తెలుస్తుంది. పక్షవాతం తెచ్చే స్ట్రోక్ ఇన్నాళ్లూ గుండె, రక్తనాళాల అధ్యాయంలో ఉండేది. ఇప్పుడు నరాల వ్యాధుల్లోకి వెళ్లింది. పాత పుస్తకం బట్టీ పట్టినవాళ్లు తడబడేది ఇలాంటి చోటే.

ఇంకో పెద్ద మార్పు కోడ్‌లను జత చేయడం. షుగర్ వల్ల కిడ్నీలు చివరి దశకు చేరిన పేషెంట్‌కు 5ఏ11/జీబీ61.5 అని రెండు కోడ్‌లను గీతతో కలిపి రాయొచ్చు. ఏ వైపు, ఎంత తీవ్రత లాంటి వివరాలకు వేరే అదనపు కోడ్‌లున్నాయి. వివరం ఎక్కువ వస్తుంది, నిజమే. కానీ కేస్ షీట్‌లో ఆ వివరం ఉంటేనే కదా కోడ్ వేసేది?

ఆరోగ్యశ్రీ కోడ్ వేరు, ఇది వేరు

కోడ్‌లు ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు తొలి విడతలో ఎంపిక చేసిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. మిగతా రెండు అనంతపురం, శ్రీకాకుళం. కల్వకుర్తి అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉంది. నాగర్‌కర్నూల్ జిల్లాలోకి మారింది 2016 అక్టోబర్‌లో. అంటే ప్యాకేజీ కోడ్, ప్రీ-ఆథరైజేషన్, క్లెయిమ్ లాంటి మాటలు ఇక్కడివాళ్లు రాష్ట్రంలో చాలామంది కంటే ముందే విన్నారు. ఇప్పుడు తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షల రూపాయలు. 2023 డిసెంబర్ 9 నుంచి పెరిగింది.

అయితే ఆరోగ్యశ్రీ ప్యాకేజీ కోడ్ చెప్పేది ఏ చికిత్స చేశారు, దానికి ఎంత చెల్లించాలి అన్నది. ఐసీడీ కోడ్ చెప్పేది రోగం ఏంటి అన్నది. ట్రైనింగ్‌లో మొదటి గంటలోనే ఈ తేడా స్పష్టం చేయకపోతే, ‘మాకు కోడింగ్ వచ్చు కదా’ అన్న భరోసాతోనే తప్పులు జరుగుతాయి.

డాక్టర్ పెన్ను దగ్గరే అసలు సమస్య

ఆసుపత్రిలో ఎవరైనా చనిపోతే డాక్టర్ ఫారం 4 నింపాలి. మరణానికి వైద్య కారణం చెప్పే సర్టిఫికెట్ ఇది. జనన మరణాల నమోదు చట్టం, 1969 కింద వచ్చింది. ఇందులో మొదటి భాగంలో ఏ, బీ, సీ అని లైన్లుంటాయి. పై లైన్‌లో ప్రాణం పోవడానికి దగ్గరి కారణం, దాని కింద దానికి దారితీసింది, ఆ కింద అసలు మూలం. పక్కన ఎంతకాలంగా ఉందో రాయాలి.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. 58 ఏళ్ల రైతుకు 12 ఏళ్లుగా షుగర్. కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఒంట్లో పొటాషియం పెరిగి గుండె ఆగింది. సరిగ్గా నింపితే ఏ లైన్‌లో పొటాషియం పెరగడం, బీలో కిడ్నీ జబ్బు, సీలో టైప్-2 షుగర్ రావాలి. కోడర్ ఆ మూలాన్ని పట్టుకుని షుగర్ మరణంగా లెక్కిస్తారు. కానీ తెల్లవారుజామున రెండు గంటలకు, అవతల ఇంకో ఎమర్జెన్సీ ఉండగా, చాలాసార్లు కాగితం మీద పడేది ఒకే మాట: ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’. గుండె, ఊపిరి ఆగాయి అని. ఎవరు చనిపోయినా ఆ రెండూ ఆగుతాయి! దానికి ఐసీడీ-10లో ఐ46.9 అని కోడ్ ఉంది కాబట్టి కంప్యూటర్ తీసుకుంటుంది. ఐసీడీ-11లోనూ ఎంసీ82 ఉంది. లెక్కల నిపుణులు ఇలాంటివాటిని ‘చెత్త కోడ్‌లు’ అంటారు. మాట కటువే, కానీ తప్పు లేదు. కొత్త కోడ్‌లు ఎన్ని వచ్చినా ఈ ఒక్క లైన్ మారకపోతే ఫలితం ఉండదు.

దేశం మొత్తం మీద 2020లో నమోదైన మరణాల్లో వైద్య కారణం సర్టిఫై అయినవి 22.5 శాతమే. మిగతా కుటుంబాల్లో మనిషి ఎలా పోయారో ప్రభుత్వ రికార్డుకు డాక్టర్ మాటగా చేరలేదు.

పాము కాటు, పురుగుమందు: ఇక్కడి కోడ్‌లు

పత్తి, వేరుశనగ సాగు చేసే ఈ మెట్ట ప్రాంతంలో ట్రైనింగ్‌కు పనికొచ్చే ఉదాహరణలు అమెరికా పుస్తకాల్లో దొరకవు. పాము కాటునే తీసుకోండి. మిలియన్ డెత్ స్టడీ ఆధారంగా 2020లో వచ్చిన పరిశోధన ప్రకారం దేశంలో 2000 నుంచి 2019 దాకా పాము కాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఆసుపత్రి రికార్డుల్లో అన్ని కేసులు కనిపించవు. చాలామంది ఆసుపత్రికి చేరకముందే పోతారు, చేరినవాళ్లలో కొందరు సరిగ్గా నమోదు కారు. పాము కాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో జాతీయ ప్రణాళిక తెచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో పాము కాటును తప్పనిసరిగా రిపోర్ట్ చేయాల్సిన వాటిలో చేర్చాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. రిపోర్ట్ చేయాలంటే ముందు చీటీ మీద పాము అని ఉండాలి. ఏ ఆసుపత్రికి ఎన్ని విరుగుడు వయల్స్ కావాలో చెప్పడానికి కూడా ఈ లెక్కే ఆధారం.

కుటుంబానికి డబ్బు కోణం కూడా ఉంది. రైతు బీమాలో మరణం ఏ కారణంతో జరిగినా 5 లక్షలు వస్తాయి కాబట్టి అక్కడ పేచీ తక్కువ. కానీ ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో ఉండే ప్రధానమంత్రి సురక్షా బీమాలో 2 లక్షలు రావాలంటే ప్రమాద మరణమై ఉండాలి. పాము కాటు అని క్లెయిమ్ చేస్తే ఆసుపత్రి రికార్డు అడుగుతారు. అందులో ‘పురుగు కాటు’ అనో, ‘కార్డియాక్ అరెస్ట్’ అనో ఉంటే ఇంటివాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే.

పురుగుమందు కేసులు ఇంకా సున్నితం. ఐసీడీ-10లో ప్రమాదవశాత్తు అయితే ఎక్స్48, కావాలని చేసుకున్నదైతే ఎక్స్68, ఏదో తేల్చలేకపోతే వై18. చేనులో మందు కొడుతూ కళ్లు తిరిగి పడిపోయిన కూలీకి, బాధలో ప్రాణం తీసుకోబోయిన మనిషికి ఒకే విష చికిత్స జరగొచ్చు. కోడ్ మాత్రం వేరు, దాని వెనక కథ వేరు. ఈ తేడా పేషెంట్ వెంట వచ్చినవాళ్లను అడిగితేనే తెలుస్తుంది. అడిగే తీరు కూడా ట్రైనింగ్‌లో భాగం కావాలి. కేసవుతుందేమోనని భయపడి దాచేవాళ్లుంటారు. నర్సమ్మ పక్కకు తీసుకెళ్లి నెమ్మదిగా అడిగితే చెప్పే విషయం, కౌంటర్ దగ్గర గట్టిగా అడిగితే చెప్పరు.

ట్రైనింగ్ ఎలా ఉండాలి?

మన దేశంలో ఐసీడీ-10 శిక్షణ ఎప్పటినుంచో కేంద్ర ఆరోగ్య శాఖలోని సెంట్రల్ బ్యూరో ఆఫ్ హెల్త్ ఇంటెలిజెన్స్ ఇస్తోంది. మెడికల్ రికార్డ్స్ సిబ్బందికి పుదుచ్చేరి జిప్మర్, ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌లో శిక్షణ కేంద్రాలున్నాయి. మరణ కారణం రాయడంపై బెంగళూరులోని ఐసీఎంఆర్ సంస్థ ఎన్‌సీడీఐఆర్ డాక్టర్లకు పాఠాలు చెబుతోంది. ఐసీడీ-11 కోడింగ్ టూల్ ప్రపంచ ఆరోగ్య సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితం. రోగం పేరు టైప్ చేస్తే కోడ్ చూపిస్తుంది. కాబట్టి పుస్తకం బట్టీ పట్టించడానికి రోజులు ఖర్చు చేయడం దండగ. నాగర్‌కర్నూల్‌లో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ నడుస్తోంది. సిబ్బందిని హైదరాబాద్ పంపే బదులు సొంత జిల్లాలోనే, సొంత కేస్ షీట్‌లతో ప్రాక్టీస్ చేయించే వీలు ఇప్పుడుంది.

ఆయుర్వేద, యునాని డాక్టర్లను కూడా వదిలేయకూడదు. ఆయుర్వేద, సిద్ధ, యునాని రోగాల పేర్లతో ఐసీడీ-11లో ప్రత్యేక మాడ్యూల్‌ను 2024 జనవరి 10న ఢిల్లీలో విడుదల చేశారు.

మార్పు ఎంత కష్టమో అమెరికా చూపించింది. అక్కడ ఐసీడీ-9 నుంచి 10కి మారే గడువు 2013 నుంచి 2014కు, మళ్లీ 2015 అక్టోబర్ 1కి జరిగింది. దాదాపు 14 వేల కోడ్‌ల నుంచి ఒక్కసారిగా 68 వేలకు వెళ్లాలి మరి. ఆసుపత్రులు నెలల ముందు నుంచే ఒకే కేసుకు పాత కోడ్, కొత్త కోడ్ రెండూ వేయించి చూసుకున్నాయి. మారిన తర్వాత మొదటి ఏడాది, కోడ్ సరైన కుటుంబంలోనిదైతే వివరం తక్కువైందన్న ఒక్క కారణంతో డాక్టర్ల క్లెయిమ్ తిరస్కరించబోమని అక్కడి మెడికేర్ చెప్పింది. సిబ్బంది భయం తగ్గడానికి అది బాగా పనికొచ్చింది. మన దగ్గర మారేటప్పుడు ఇలాంటి వెసులుబాటు ఇవ్వడంలో తప్పులేదు.

కోడింగ్ కోర్సులో చేరేవాళ్లు ఇది చూసుకోండి

కల్వకుర్తి నుంచి బస్సెక్కి హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ నేర్చుకునే బీఎస్సీ, బీఫార్మసీ పిల్లలు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. అక్కడి కంపెనీలు ఎక్కువగా చేసేది అమెరికా ఆసుపత్రుల పని. అమెరికా ఇంకా ఐసీడీ-11కు మారలేదు, నడుస్తున్నది ఐసీడీ-10-సీఎం. ‘ఐసీడీ-11 కోర్సు, వెంటనే జాబ్’ అని ఎవరైనా ఫీజు అడిగితే, ఏ దేశం పనికి, ఏ కోడ్ సెట్ అని ముందే అడగండి.

ఇక ఆసుపత్రిలో మనిషిని పోగొట్టుకున్న కుటుంబాలకు: 2023 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉన్న సవరణ చట్టం ప్రకారం మరణ కారణం సర్టిఫికెట్‌ను ఆసుపత్రి రిజిస్ట్రార్‌కు పంపడంతో పాటు, దగ్గరి బంధువుకు ఒక కాపీ ఇవ్వాలి. దీనికి డబ్బు కట్టాల్సిన పనిలేదు. ఇంటికి బయలుదేరే ముందే అడిగి తీసుకోండి. అందులో ఏ, బీ, సీ లైన్లలో ఏం రాశారో ఒకసారి చదివించుకోండి. పాము కాటు అయితే పాము అని ఉందో లేదో చూడండి.